ముందు వస్తువు, తరువాత పెట్టె, ఆ తరువాతే కాగితం

మా కాకినాడ ఇంట్లో బట్టల బీరువా అడుగు అరలో, పట్టుచీరల పక్కన, ఒక కాగితాల కట్ట ఉంది. ఒక్కో ఠావు 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. ఒకదాని నిండా నెమలికన్నులు, ఒకదాని నిండా కలంకారీ తీగలు, ఇంకొకటి లేత పసుపు మీద బంగారు చుక్కలు. స్క్రాప్‌బుక్ కాగితాలని అడిగితే స్టేషనరీ దుకాణాల్లో ఇస్తారు. ఫొటో ఆల్బముల పేజీలకు వన్నె తేవడానికి పుట్టిన ఈ కాగితాలతో ఇప్పుడు పెట్టెలు, కవర్లు, ఫొటో ఫ్రేములు, గోడకు వేలాడదీసే పూలు చేస్తున్నారు. నేనూ చేస్తాను. అయితే ఆ కట్టలో సగానికి పైగా ఠావులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. కత్తెర పెట్టబోయిన ప్రతిసారీ, ఇంత మంచి కాగితానికి తగిన పని వచ్చాక కోద్దామనుకుని తిరిగి లోపల పెట్టేసేదాన్ని.

కాగితాన్ని కోయకుండా దాచుకోవడం, కోసి చేసిన కానుకను వాడకుండా అద్దాల బీరువాలో పెట్టుకోవడం, ఈ రెండూ ఒకే పొరపాటు నుంచి పుడతాయని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. కాగితం అందాన్నే మొదటి సంగతిగా తీసుకోవడం ఆ పొరపాటు. పుచ్చుకునే మనిషి రోజూ చేత్తో పట్టుకునే వస్తువేదో ముందు తెలుసుకుని, దానికి సరిపడే పెట్టెనో సంచినో పుస్తకాన్నో తలచుకుని, అన్నిటికన్నా చివర కాగితం ఎంచుకోవాలి. ఈ వరస తలకిందులైతే ఎంత ఖరీదైన కాగితం వాడినా ఆ కానుక చూసి మెచ్చుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. ఇది నాకు ఒక పెట్టె వల్ల తెలిసింది.

పెద్దనాన్నగారి షష్టిపూర్తికి మా పెద్దమ్మకు ఒక నగల పెట్టె చేసి ఇచ్చాను. మందపాటి అట్ట కోసి, నెమలికన్నుల కాగితం పైన అంటించి, అంచుల వెంట జరీ లేసు కుట్టిన పట్టీ వేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడు నెలల తరువాత, శ్రావణమాసంలో వాళ్లింటికి వెళితే ఆ పెట్టె హాల్లో అద్దాల బీరువాలో, వెండి కుందుల పక్కన కనిపించింది. మూత నాలుగు అంచులూ పైకి లేచి, నడిమి భాగం లోపలికి కుంగి, అరటిదొన్నెలా వంపు తిరిగిపోయింది. పెద్దమ్మ దాన్ని గమనించనట్టే ఉండి, "ఎంత బాగా చేశావే అమ్మడూ, వాడితే ఎక్కడ పాడైపోతుందోనని తీసి అందులో పెట్టేశాను" అంది. ఆవిడ ప్రేమతోనే అంది. ఆ మాట మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ పెట్టెలో ఆవిడ ఒక్క గాజు కూడా పెట్టుకోలేదు. ఆవిడ నగలు ఎక్కడ పెట్టుకుంటుందో, అసలు పెట్టె అవసరమో కాదో నేను ఎన్నడూ అడగలేదు.

మూత ఎందుకు వంగిందో మా ఊళ్లో దస్తావేజులకూ పాత పుస్తకాలకూ అట్టలు కట్టే ఒక బైండింగు మేస్త్రిగారు చెప్పారు. ఆయన మూతను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసి, "లోపల కాగితం వెయ్యలేదేమమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. కాగితానికి జిగురు రాస్తే అది తడికి సాగుతుంది. సాగిన కాగితం అట్టకు అంటుకుని, ఆరుతున్నకొద్దీ ముడుచుకుంటూ అట్టను తన వైపుకు లాగుతుంది. అట్టకు రెండో వైపున కూడా మరో కాగితం అంటిస్తే అది ఎదురు లాగి అట్టను తిన్నగా నిలబెడుతుంది. బైండింగు పని చేసేవాళ్లకు ఇది ఓనమాలంత మామూలు విషయం. పైకి కనిపించే కాగితం గురించి వారం రోజులు ఆలోచించిన నేను, లోపల వెయ్యాల్సిన కాగితం గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు.

ఆయన నేర్పిన రెండో సంగతి ఇంకా సూక్ష్మమైనది. బట్టకు పడుగూ పేకా ఉన్నట్టే యంత్రం మీద తయారైన కాగితానికి కూడా ఒక దిక్కు ఉంటుంది. గుజ్జు యంత్రం మీద పరుగెత్తేటప్పుడు అందులోని నారపోగులు ఎక్కువ భాగం ఆ పరుగు వైపే బారుతీరి పడుకుంటాయి. తడి తగిలినప్పుడు ఒక్కో పోగు పొడవులో దాదాపు పెరగదు గాని లావులో బాగా ఉబ్బుతుంది. అందుకే కాగితం నారకు అడ్డంగా సాగుతుంది, నార వెంట దాదాపు సాగదు. మడత కూడా నార వెంట పెడితే గీత గీసినట్టు తిన్నగా వస్తుంది, అడ్డంగా పెడితే మడత మీద రంగు పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. పొడవాటి ఠావైతే తయారీదారులు చాలాసార్లు నార పొడవు వైపే ఉంచుతారు కాబట్టి కొంత ఊహించవచ్చు. స్క్రాప్‌బుక్ కాగితం చదరంగా ఉంటుంది కనుక ఆకారం చూసి ఏమీ చెప్పలేం. ఠావును మడత పడకుండా మెల్లగా ఒక వైపు వంచి అరచేత్తో నొక్కి చూడాలి, తరువాత తిప్పి రెండో వైపు వంచాలి. ఏ వైపు వంచినప్పుడు చెయ్యి సులువుగా దిగిందో, ఆ వంపు గీత వెంటే నార ఉన్నట్టు. ఇదే పరీక్ష అట్టకు కూడా చెయ్యాలి. మూతకు వాడే అట్ట, పై కాగితం, లోపలి కాగితం, మూడింటి నారా ఒకే వైపు ఉండాలి. ఇప్పుడు నేను ఠావు కొనగానే వెనకవైపు మూలలో పెన్సిలుతో ఒక చిన్న బాణం గుర్తు వేసి పెడతాను.

చేతితో తీసిన కాగితానికి ఈ బాధ చాలా తక్కువ. రాజస్థాన్‌లో జైపూరు దగ్గరున్న సాంగనేరులో కాగ్జీలు అనే కుటుంబాలవారు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. ఇంటిపేరే వృత్తి పేరైన మనుషులు వాళ్లు. మన కాగితం అన్న మాటకు మూలం కూడా ఆ "కాగజ్" అన్న మాటే. బట్టల కర్మాగారాల్లో మిగిలిన నూలు కత్తిరింపులను నానబెట్టి, గుజ్జు చేసి, నీళ్లలో కలిపి, జల్లెడ వంటి చట్రంతో పైకి తీస్తారు. తీసేటప్పుడు చట్రాన్ని అటూ ఇటూ కదుపుతారు కాబట్టి పోగులు ఒకే వైపు పడుకోకుండా అన్ని వైపులా అల్లుకుంటాయి. అందుకే ఆ కాగితం ఎటు మడిచినా ఒకేలా లొంగుతుంది. గ్రామ పరిశ్రమల కోసం జీవితం ధారపోసిన జె.సి. కుమారప్ప పేరు మీద చేతి కాగితపు సంస్థ ఒకటి ఆ సాంగనేరులోనే ఉంది. ఆ కాగితం సాధారణంగా 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఠావులుగా వస్తుంది. ఒక్క ఠావుతో రెండు మంచి పెట్టెలకు తొడుగు వస్తుంది. నా చేతికి అలవాటైనంత వరకు స్క్రాప్‌బుక్ కాగితాన్ని పైన కనిపించే అలంకారానికీ, చేతి కాగితాన్ని ఒత్తిడి పడే చోట్లకూ వాడుకోవడమే మంచిది.

ఇక జిగురు. ఈ పనిలో ఎక్కువ కానుకలు పాడయ్యేది ఇక్కడే. నేను ఒకప్పుడు వెళ్లిన ఒక శిక్షణ తరగతిలో అన్నిటికీ వేడి జిగురు తుపాకీయే వాడించారు. అది క్షణంలో అంటుతుంది, నిజమే. కాని కాగితం కింద గడ్డలా మిగిలిపోతుంది, నున్నటి కాగితం మీద పట్టు నిలవక కొన్నాళ్లకు పెచ్చులా ఊడి వస్తుంది. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు గట్టిది గాని త్వరగా ఆరిపోతుంది, పెద్ద కాగితాన్ని సర్దుకునే వ్యవధి ఇవ్వదు. మేస్త్రిగారు మైదా ఉడికించిన జిగురు వాడేవారు. అది నిదానంగా ఆరుతుంది కాబట్టి కాగితాన్ని జరిపి, లేపి, మళ్లీ పరచవచ్చు. పురుగు పట్టకుండా పాతకాలపు బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కనుక పిల్లలున్న ఇంట్లో నేను వాడను. మైదా జిగురులో మూడో వంతు తెల్ల జిగురు కలుపుకుంటాను. ఒక వేసవిలో చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి చేసి, ఆ పిండిని ఉడికించి కూడా చూశాను. కొండపల్లి బొమ్మలు చేసేవారు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి భాగాలను అతికిస్తారు కదా, ఆ పట్టు నిజంగా అమోఘం. అయితే లేత రంగు కాగితం మీద మరక కనిపించింది, అందుకని దాన్ని లోపలి అట్టల అతుకులకే పరిమితం చేశాను.

జిగురు బెడద కొత్తది కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ 1873లో ఒక స్క్రాప్‌బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. పేజీల మీద ముందే జిగురు పూసి ఆరబెట్టి ఉంటుంది, తడి చేసి కత్తిరింపులు అంటించుకోవడమే. నూరేళ్లు దాటిన తరువాత, 1980లో, అమెరికాలోని యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీలో కుటుంబ చరిత్రల రికార్డుల మీద జరిగిన ప్రపంచ సమావేశంలో మేరీలిన్ క్రిస్టెన్సెన్ అనే గృహిణి తన కుటుంబపు ఆల్బములను ప్రదర్శించింది. ఈనాటి స్క్రాప్‌బుక్ సరదాకు అక్కడి నుంచే ఊపు వచ్చిందంటారు. ఫొటోలు పదికాలాలు నిలవాలన్న తపనతో సాగిన ఆ పని వల్లనే మనం కొనే కాగితం మీద "ఆసిడ్ రహితం" అన్న ముద్ర అంతగా కనిపిస్తోంది. దినపత్రిక ఎండలో నాలుగు రోజులు పడి ఉంటే పసుపు రంగుకు తిరగడానికి కారణం చెక్కలోని లిగ్నిన్ అన్న పదార్థం అందులో అలాగే మిగిలిపోవడం. ఆమ్లం ఉన్న కాగితం కాలం గడిచేకొద్దీ పెళుసుబారడమే కాక, తనను తాకి ఉన్న ఫొటోనూ ఉత్తరాన్నీ కూడా పాడుచేస్తుంది. అందుకని ఉత్తరాలూ ఫొటోలూ దాచే పెట్టెకు ఆ ముద్ర ఉన్న కాగితమే వాడాలి. పసుపు కుంకుమలు పెట్టి ఇచ్చే చిన్న డబ్బాకు అంత పట్టింపు అవసరం లేదు.

పెద్దమ్మకు రెండో పెట్టె చెయ్యాలనుకున్నప్పుడు కాగితాల కట్ట బయటికి తియ్యలేదు. స్కేలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ మంచం పక్కన చిన్న బల్ల మీద ఏమేమి ఉన్నాయో చూశాను. కళ్లజోడు, దాని డబ్బా, బీపీ మాత్రల అట్టలు, డాక్టరు చీటీలు, ఒక జపమాల, రబ్బరు బ్యాండు వేసిన పోస్టుకార్డుల కట్ట. ఆ కార్డులు పెద్దనాన్నగారు ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగిన రోజుల్లో రాసినవి. రాత్రి నిద్ర మధ్యలో లేచి మాత్రల కోసం చేత్తో తడుముకుంటే కళ్లజోడు కింద పడుతోందని మాటల్లో తెలిసింది. పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అవి వేళ్లతో సులువుగా పైకి తీయడానికి వీలుగా 15 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లతో ఒక అర వేశాను. కళ్లజోడుకు పొడవాటి అర ముందు వైపున, అంచు కాస్త తక్కువ ఎత్తులో, చీకట్లో చెయ్యి తిన్నగా దాని మీదకే పోయేట్టు పెట్టాను. మూత తెరిచిన ప్రతిసారీ వంగే చోట కాగితం ఎంత మంచిదైనా పగిలిపోతుంది కాబట్టి అక్కడ బైండర్లు వాడే కాలికో అనే నూలు గుడ్డ వేశాను. ఇవన్నీ తేలాకనే కాగితం ఎంచుకున్నాను. ముదురు నీలం మీద చిన్న చిన్న తెల్ల పూలున్న కాగితం అది, చేతి మరక కనిపించదని.

పెట్టె మూలల గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, చేసినవాళ్ల చెయ్యి తెలిసేది మూలల దగ్గరే. అట్ట చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు కాగితం వదులుతాం. ఆ కాగితపు మూలను ఏటవాలుగా కోసేటప్పుడు అట్ట కొసకు ఆనించి కోయకూడదు, అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు దూరం ఉంచి కోయాలి. 2 మిల్లీమీటర్ల అట్టకు 3 మిల్లీమీటర్లు. తక్కువైతే మూల దగ్గర అట్ట బయటికి కనిపిస్తుంది, ఎక్కువైతే ముద్దగా పోగవుతుంది. ముందు ఒక వైపు మడిచి అంటించి, మూల దగ్గర మిగిలే చిన్న చెవిని గోటితో లోపలికి నొక్కి, ఆ తరువాతే రెండో వైపు మడవాలి. ఈ గోటి నొక్కుడు ఒక్క క్షణం పని. అది మరిచిపోతే మూల ముందు చిరుగుతుంది, అక్కడి నుంచి కాగితం అంతా లేచిపోతుంది. అంటించాక తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన సన్నికల్లు బరువు పెట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచాలి. వానాకాలంలో మా కాకినాడ తేమకు రెండు రోజులు ఉంచుతాను.

కాగితం కానుకేమిటి, చిరిగిపోతుంది, ఒక స్టీలు గిన్నె మీద పేరు చెక్కించి ఇస్తే తరతరాలు ఉంటుంది కదా అని మా ఇంట్లోనే చాలామంది అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మా అమ్మమ్మ పేరు చెక్కిన గిన్నెలో నేను ఇప్పటికీ పప్పు వండుతున్నాను. అయితే అదే పేర్లు చెక్కిన గిన్నెలు ఎన్ని ఇళ్లలో అటకల మీద గోనెసంచుల్లో మూలుగుతున్నాయో కూడా మనకు తెలుసు. వస్తువు నిలవడం వేరు, వాడకంలో ఉండడం వేరు. కళ్లజోడు పెట్టుకునే పెట్టె ఎనిమిదేళ్లు రోజూ చేతికి తగిలితే, అటక మీద ఎనభై ఏళ్లున్న గిన్నె కన్నా ఆ ఇంటికి అదే దగ్గరిదని నా నమ్మకం. పైగా కాగితానికి మరమ్మతు చేయవచ్చు. సొట్టపోయిన స్టీలు గిన్నెను ఇంట్లో కూర్చుని బాగుచేసుకోలేం.

ఇదే దృష్టితో చూసినప్పుడు శుభకార్యాల్లో పంచే రిటర్న్ గిఫ్టుల మీద నాకు బాధ కలుగుతుంది. ప్లాస్టిక్ బుట్టలు, ఎవరికీ సరిపోని కీచైన్లు ఇంటికి తెచ్చుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడని వాళ్లు తక్కువ. తాంబూలం మన పద్ధతి. ఆకు, వక్క, పసుపు, కుంకుమ, ఒక పండు. వీటికి చిన్న కాగితపు పెట్టె చాలు, జిగురు కూడా అక్కరలేదు. 12 అంగుళాల చదరపు ఠావును జపనీయుల మాసు అనే పద్ధతిలో మడిస్తే దాదాపు 10.8 సెంటీమీటర్ల చదరపు అడుగు, 5.4 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. దాన్ని మూతగా ఉంచుకుని, అడుగు పెట్టెకు ఠావును రెండు వైపులా 8 మిల్లీమీటర్లు తగ్గించి కోస్తే మూత బిగుతుగానూ కాక, వదులుగానూ కాక కూర్చుంటుంది. మరీ దళసరి కాగితం దీనికి పనికిరాదు, మడతలు పడిన చోట ఉబ్బుతుంది. మిఠాయి పెట్టదలిస్తే లోపల బటర్ పేపరో అరిటాకు ముక్కో తప్పనిసరిగా వెయ్యాలి. ముద్రించిన కాగితం మీద తినే వస్తువు నేరుగా పెట్టకూడదు. మన ఆహార భద్రతా సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో దినపత్రికల్లో తినుబండారాలు చుట్టడాన్ని నిషేధించింది కూడా ముద్రణ సిరా భయంతోనే.

డబ్బు పెట్టి కాగితం కొనేముందు ఇంట్లో ఉన్న శుభలేఖలు బయటికి తియ్యమని ఎవరడిగినా చెబుతాను. హైదరాబాదు ఛత్తాబజారు వంటి చోట్ల అచ్చయ్యే పెళ్లి కార్డులకు వాడే అట్ట మనం దుకాణంలో కొనే చాలా కాగితాల కన్నా గట్టిది. వాటిని పారెయ్యలేం, పైన వినాయకుడుంటాడు, నాలుగు మూలలా ఎవరో శ్రద్ధగా పెట్టిన పసుపు బొట్లుంటాయి. కాలి కింద పడకూడదని సొరుగుల్లో పేరుస్తూ పోతాం. నేను ముందు దేవుడి బొమ్మను జాగ్రత్తగా వేరుచేసి పూజగదిలో ఉన్న పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటాను. మిగిలిన అట్టతో కవర్లు, చిన్న అరలు చేస్తాను. బంగారు రేకు అద్దిన చోట మడత పెడితే రేకు పగులుతుంది కనుక ఆ భాగం ఎప్పుడూ చదునుగా ఉండే చోటికి రావాలి. మా తమ్ముడి పెళ్లిరోజుకు వాళ్ల శుభలేఖలో పేర్లున్న భాగాన్ని మూత లోపలి వైపు అంటించి, వాళ్ల ఇంటి తాళాలు పెట్టుకునే పెట్టె చేసి ఇచ్చాను. మా మరదలు ఆఫీసుకు వెళ్లేటప్పుడు రోజూ ఆ మూత తీస్తుంది.

గోడ అలంకరణల గురించి నాకు చెప్పడానికి తక్కువే ఉంది. మడతల పూలు పండగ నాలుగు రోజులకూ, బొమ్మల కొలువు మెట్లకూ చక్కగా ఉంటాయి. పడమటి ఎండ పడే గోడ మీద పెడితే ఏడాది తిరక్కుండానే ఎరుపు వెలిసిపోతుంది. కాగితంతో మామిడాకుల తోరణం చెయ్యమని మాత్రం నన్ను అడగవద్దు. గుమ్మానికి పచ్చి ఆకే కట్టాలి, వాడిపోవాలి, మళ్లీ కొత్తది కట్టాలి. ఆ పని కాగితానిది కాదు.

మొన్న సంక్రాంతికి పెద్దమ్మ ఆ నీలం పెట్టెను ఒక సంచిలో పెట్టి నాకు తిరిగి పంపింది. పంపిన తరువాత ఫోను చేసి, "మూలలు అరిగిపోయాయే అమ్మడూ. అదే కాగితం దొరక్కపోయినా ఫరవాలేదు, అరలు మాత్రం మార్చకు, చీకట్లో చెయ్యి అలవాటైపోయింది" అంది. పెట్టె తెరిచి చూశాను. కాలికో గుడ్డ చెక్కుచెదరలేదు. ముందు వైపు రెండు మూలలూ బొటనవేలు ఆనే చోట అరిగి, అట్ట బూడిద రంగు కనిపిస్తోంది. కళ్లజోడు అరలో అడుగు కాగితం నున్నగా మెరుస్తోంది. పోస్టుకార్డులు ఆవిడ తన దగ్గరే ఉంచుకుంది గాని, ఆ అరలో మాత్రల అట్ట చిన్న ముక్క ఒకటి మిగిలి ఉంది. నీలం కాగితం నిజంగానే దొరకలేదు. బీరువా అడుగు అర నుంచి కట్ట తీసి, అన్నిటికన్నా కిందనున్న కలంకారీ తీగల ఠావును బల్ల మీద పరిచి, వెనకవైపు బాణం గుర్తు ఎటుందో చూసుకుని, స్కేలు ఆనించి కోశాను.